నిరుటి ఏడుగురు

బెంచీ జాబితాలో నర్సింలు పేరు లేదు.

స్టోర్ రూమ్ తలుపు మీద అంటించిన కాగితాన్ని మూడుసార్లు చదివాడు. ఇంగ్లిషు పెద్దగా రాదు గానీ అందులో తన పేరు ఎలా ఉంటుందో తెలుసు. పద్నాలుగేళ్ళుగా బతాకా అనే గుర్తింపు కార్డు మీద చూసుకుంటున్న అక్షరాలే. గురువారం మ్యాచ్‌కి ఆటగాళ్ళు కాక ఐదుగురికే మైదానం గీత పక్కన బెంచీ మీద చోటు. నాలుగు పేర్లు ఎప్పటివే. ఐదోది పోయిన మ్యాచ్ దాకా తనది. ఇప్పుడక్కడ సుహాసిని అని ఉంది.

"ముందొచ్చిన చెవులకంటె ఎనకొచ్చిన కొమ్ములు వాడి" అని పైకే అనేశాడు. వినడానికి అక్కడెవరూ లేరు, గాలి కొట్టాల్సిన పద్దెనిమిది ఫుట్‌బాల్స్ తప్ప.

దోహాలో ఒక కాలేజీ ఫుట్‌బాల్ టీముకు నాలుగేళ్ళుగా స్టోర్ మనిషి అతను. జెర్సీలు ఉతికించాలి, బంతులకు గాలి చూడాలి, నీళ్ళ క్యాన్లు మోయాలి. జీతం వీటికే. కానీ నర్సింలు తనను తాను ఏనాడూ స్టోర్ మనిషిననుకోలేదు. ఎవడి కాలు బెణికినా, ఎవడి పిక్క పట్టేసినా ముందు తన దగ్గరికే వచ్చేవాళ్ళు. టేపు చుట్ట తీసి, కాలు తన ఒళ్ళో పెట్టుకుని, పది నిమిషాల్లో కట్టేవాడు. కుంటుతూ వచ్చినవాడు ఉరుకుతూ పోయేవాడు. లెబనాన్ పిల్లలు, సూడాన్ పిల్లలు, కేరళ పిల్లలు, అందరికీ అతను చాచానే.

ఇప్పుడీ సుహాసిని ఫిజియోగా వచ్చింది. నిన్నగాక మొన్న సెప్టెంబరులో వచ్చింది. తణుకు పిల్ల. తెలుగే మాట్లాడుతుంది. అదే మరీ మంట. ఏ ఫిలిప్పీన్స్ మనిషో అయితే ఊరుకునేవాడేమో.

ప్రాక్టీసు అయ్యాక కోచ్ స్టోర్ దాకా వచ్చాడు. ట్యునీషియా మనిషి, పెద్ద మీసం, వచ్చీరాని హిందీ. "నర్సిం, మెడికల్ బ్యాగ్ మేడమ్ కో. కప్‌బోర్డ్ చాబీ భీ. నువ్వు స్టోర్. తమామ్?"

"తమామ్" అన్నాడు నర్సింలు, సరేనని తల ఊపి. ఇంకేమంటాడు?

వెనకాలే సుహాసిని వచ్చింది. తెల్ల బూట్లు, మెడలో విజిల్, చేతిలో నోటుబుక్కు. "నర్సింలు గారూ, బ్యాగు నేను తీసుకుంటానండి. లోపల ఏమేమున్నాయో ఒకసారి చూపిస్తారా?"

గారు! ఆ గారు విన్నప్పుడల్లా అతనికి ఒళ్ళు మండుతుంది. చాచా అంటే దగ్గరి మనిషి. గారు అంటే గుమ్మం బయట చెప్పులు విడిచి నిలబడాల్సిన మనిషి. కత్తెర, పత్తి, స్ప్రే, వెడల్పు టేపులు, సన్న టేపులు ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెట్టాడు. రెండు వెడల్పు టేపు చుట్టలు మాత్రం చొక్కా లోపల దాచుకున్నాడు. దొంగతనమని తెలుసు. అయినా దాచుకున్నాడు.

*

మంగళవారం పొద్దున నాలుగున్నరకు సాయిబాబు మంచం మీద కూర్చుని కాలు చాపాడు. దోహా పక్కన అల్ వుకైర్‌లో ఆరుగురు ఉండే గది. నర్సింలుది ఇంకా పాత కంపెనీవాళ్ళతో కలిసిన కాపురమే. సాయిబాబు సైట్‌లో స్కాఫోల్డింగ్ కడతాడు. ఒకప్పుడు నర్సింలు చేసిన పని కూడా అదే.

"గిలక వాసింది మామా. నిన్న పైపు దిగంగ మెలిక వడ్డది."

నర్సింలు చీలమండ మీద వేలితో నొక్కి చూశాడు. సాయిబాబు పళ్ళు బిగబట్టాడు. "ఊకో. పది నిమిషాలల్ల బస్సు" అంటూ కింది నుంచి పైకి, మడమ కింద రెండు చుట్లు, గిలక మీద అడ్డంగా మూడు, గట్టిగా లాగి కట్టాడు. దాని మీద రెండు సాక్సులు తొడిగాడు.

"లేచి నడువు. బస్సు కాడ మంచి కాలు ముందు దించు. సేఫ్టీ ఆఫీసర్ చూస్తుంటే బ్యాగు ఆ పక్క భుజానికెయ్యి. కుంటినవా, వాపస్ పంపుతడు. డ్యూటీ కట్."

సాయిబాబు గదిలో అటూ ఇటూ నడిచాడు. ముఖం విప్పారింది. "నీ చేతిల మంత్రమున్నది మామా. నొప్పి కాదు, అసలు కాలున్నట్టే ఎరుకైతలేదు."

నర్సింలుకు కడుపు నిండినట్టయింది. తణుకు పిల్లకు కాగితం ఉందేమో గానీ ఈ చెయ్యి ఎక్కడిది అనుకున్నాడు.

ఆ మధ్యాహ్నం మూడు గంటలకు గయాజ్ స్టోర్‌లోకి దూరి తలుపు దగ్గరికి వేశాడు. టీముకు కెప్టెన్ అతను. పుట్టింది దోహాలోనే అయినా తల్లిదండ్రులది కరీంనగర్. తెలుగులో ఉర్దూ కలిపి గలగలా మాట్లాడతాడు.

"చాచా, జర చూడు. తొడెనక పట్టేసింది. ఉరికితే సూదులు గుచ్చినట్టయితున్నది."

"మేడంకు చూపెట్టినవా?" ఊరికే అడిగాడు. జవాబు తెలిసే అడిగాడు. ఆ జవాబు వినాలని ఉండి అడిగాడు.

"ఆమెకు చెప్తే మూడు వారాలు కూసోపెడతది! నీ దగ్గరికే వచ్చిన."

నర్సింలు చెవుల్లో ఆ మాట చాలాసేపు తిరిగింది. నీ దగ్గరికే. బంతుల బుట్ట పక్కకు జరిపి గయాజ్‌ను బల్ల మీద బోర్లా పడుకోబెట్టాడు. చొక్కాలో దాచి, తర్వాత అల్మరా వెనక పెట్టిన టేపు తీశాడు. తొడ మీద చెయ్యి వేస్తే లోపల కండ రాయిలా ఉంది.

"మూడు వారాలు కూసుంటే ఏమైతది? కెప్టెన్‌వు నువ్వు."

గయాజ్ తల పక్కకు తిప్పి గోడకేసి చూశాడు. "ఇద్రీస్ ఉన్నడు గదా."

ఇద్రీస్ సూడాన్ పిల్లవాడు. నిరుడు మొదట్లో వాణ్ణి ఎవరూ లెక్కచేయలేదు. బెంచీ మీద కూర్చుని గోళ్ళు కొరుక్కునేవాడు. సీజన్ సగంలో గయాజ్ మోకాలు పోయాక వాణ్ణి ఆ చోట దింపారు. టీము ఎనిమిది కాలేజీల్లో ఎనిమిదోదిగా మిగిలింది గానీ వాడికి మాత్రం ఆట వచ్చేసింది. ఈ ఏడు ఇద్దరూ ఉన్నారు. చోటు ఒకటే.

"నేను దెబ్బ తాకి పండుకున్న. వాడు నా జాగల పెద్దోడైండు. కోచ్ వాణ్ణి చూసి నవ్వుతడు, నన్ను చూసి గడియారం చూస్తడు. గీసారి కూసుంటే ఖతం చాచా. వాడు గోల్ కొడితే నాకు నిద్ర పడతలేదు, కసమ్."

ఈ కుళ్ళు నర్సింలుకు బాగా తెలిసిన కుళ్ళే. రెండు నెలలుగా తన కడుపులో కాపురముంటున్నదే. పిల్లవాడి మీద జాలి పొంగింది. టేపు ఇంకాస్త బిగించి లాగాడు. "లే. ఉరుకు. ఎవనికీ ఎరుక గాకుంట నేను చూసుకుంట."

ఆ సాయంత్రం గయాజ్ ఉరికాడు. బాగానే ఉరికాడు. గీత పక్కన సుహాసిని చేతులు కట్టుకుని నిలబడి ఆటగాళ్ళ కాళ్ళనే చూస్తోంది. గయాజ్ ఆమె ముందు నుంచి నాలుగుసార్లు పోయాడు. ఆమె నోటుబుక్కులో ఏమీ రాసుకోలేదు. నీళ్ళ క్యాను మీద కూర్చున్న నర్సింలు లోపల్లోపల నవ్వుకున్నాడు. చదువుకున్నవట గదా తల్లీ, చూడు మరి, కనబడుతున్నదా? చాన్నాళ్ళకు ఆ పూట అన్నం రుచిగా తిన్నాడు.

*

బుధవారం సుహాసిని స్టోర్‌కు వచ్చి, అడక్కుండానే బంతుల బుట్ట మీద కూర్చుంది. పోయినసారి ఉన్న బిరుసు లేదు.

"మీ సాయం కావాలండి. నిరుడు ఏడుగురికి దెబ్బలు తగిలాయట. కోచ్‌ని అడిగితే నసీబ్ అంటారు. ఆఫీసులో ఒక్క కాగితం లేదు. ఎవరికి ఏమైందో, ఎప్పుడైందో మీకే తెలుసని ఇద్రీస్ చెప్పాడు. చాచా తలలోనే అంతా ఉంటుందన్నాడు."

ఉంటది మరి! నర్సింలు చొక్కా గల్లా సర్దుకున్నాడు. అవసరం ఇప్పటికి వచ్చిందన్నమాట. ఆమె నోటుబుక్కు తెరిచి స్కేలు లేకుండానే నిలువు గీతలు గీసింది. మొదటి గడిలో పేరు. రెండోదాంట్లో నొప్పి మొదలైన రోజు. నాలుగోదాంట్లో ఆట మానేసిన రోజు. మూడోది ఏమిటో చెప్పలేదు.

"లెబనాన్ పొడుగోడు. అక్టోబర్ మొదట్ల గిలక బెణికింది. కట్టిన. తెల్లారే మ్యాచ్ ఆడిండు! కోచ్‌కు కూడ ఎరుకగాలే. నెల తిరిగినంక అదే గిలక పోయింది, బొక్క పలిగింది."

ఎముక విరిగిందని ఆమె పక్కన రాసుకుంది.

"కేరళ గోల్‌కీపర్. భుజం గుంజిందన్నడు. చంక కింది కెళ్ళి కట్టిన. రెండు మ్యాచ్‌లు మంచిగ ఆడిండు. మూడోదాంట్ల భుజం జారింది."

"గయాజ్?"

"గయాజ్‌కు మొదలు పిక్క. మోకాలు కాదు. పిక్కకు నేను కట్టిన. ఆ కాలు కాపాడుకుంట ఇంకో కాలి మీద బరువేసిండు, ఆ మోకాలు..."

నర్సింలు గొంతు కొంచెం తగ్గింది. ఇంకా నలుగురున్నారు. చెప్పాడు. తేదీలు కూడా చెప్పాడు. ఒక్కటీ తప్పు పోలేదు. ప్రతిదాంట్లో ఆ రెండు ముక్కలు వస్తూనే ఉన్నాయి. కట్టిన, ఆడిండు. కట్టిన, ఆడిండు. తన నోటితో తను చెబుతున్న మాట తనకే వేరే మనిషి చెబుతున్నట్టు వినిపించింది.

"మధ్యల గా గడి ఏందమ్మా?"

"నొప్పి వచ్చాక ఎన్ని రోజులు రెస్ట్ తీసుకున్నారో రాయడానికండి."

ఆమె కలం ఆ గడిలో పై నుంచి కిందికి పోయింది. సున్నా. సున్నా. సున్నా. అంకెలు చదవడానికి ఇంగ్లిషు అక్కర్లేదు. ఏడు సున్నాలు.

ఆమె కళ్ళెత్తలేదు. తప్పు నీదే అనలేదు. అని ఉంటే బాగుండేది. నోటికొచ్చినట్టు నాలుగు తిట్టి బతికిపోయేవాడు. ఆమె మెల్లగా వేరే సంగతి ఎత్తింది. "ఒక రకంగా దానివల్లే ఈ ఏడు మన టీము బలంగా ఉందండి. వీళ్ళు పడిపోబట్టి కింద కూర్చున్నవాళ్ళకు ఆట వచ్చింది. వాళ్ళున్నారు, వీళ్ళూ తిరిగొచ్చారు. ఎవరికైనా నొప్పి వస్తే కూర్చోబెట్టే దారి ఇప్పుడుంది. నిరుడు లేదు. నాకు చెప్పేవాళ్ళే కావాలి." నోటుబుక్కు మూసి, థ్యాంక్సండీ అని వెళ్ళిపోయింది.

నర్సింలు బల్ల మీద కూర్చుండిపోయాడు. సైట్‌లో కుంటినవాణ్ణి బస్సెక్కనివ్వరు. అందుకే కట్టడం నేర్చాడు. నొప్పి పోగొట్టడానికి కాదు, నొప్పిని సేఫ్టీ ఆఫీసర్ కంట పడకుండా చేయడానికి. ఇక్కడ ఎవడి డ్యూటీ కట్ అవుతుంది? కుంటితే కూర్చోబెట్టి పండ్లరసం ఇస్తారు ఈ పిల్లలకు. ఆ సంగతి నాలుగేళ్ళలో ఒక్కనాడు తోచలేదు. పిల్లలు చాచా చాచా అంటుంటే ఏదీ తోచలేదు. థూ నీ బతుకు, అని తనను తాను తిట్టుకున్నాడు.

అయినా లేచి పోయి ఆమెకు గయాజ్ సంగతి చెప్పలేదు. చెబుదామని రెండుసార్లు గడప దాకా వెళ్ళాడు. ఆమె మైదానం అవతల కోచ్‌తో నవ్వుతూ ఏదో మాట్లాడుతోంది. ఆ నవ్వు చూసి ఓర్వలేకపోయాడు. వెనక్కి వచ్చి బంతులకు గాలి కొట్టాడు.

*

గురువారం మ్యాచ్ వేరే కాలేజీ మైదానంలో. రెండున్నరకు బస్సు. రెండింటికి గయాజ్ స్టోర్‌కు వచ్చి, బల్ల మీద బోర్లా పడుకున్నాడు.

"జల్దీ చాచా. మొన్నటికన్న గట్టిగ కట్టు."

నర్సింలు తొడ మీద చెయ్యి వేశాడు. మొన్నటికంటే ఎక్కువ వేడిగా ఉంది. బొటనవేలితో అదిమితే పిల్లవాడి ఒళ్ళంతా ఎగిరిపడింది.

"ఇయ్యాల ఆడకు బిడ్డా."

"ఏంది?"

"కట్ట. నిరుడు కట్టిన. ఏడుగురికి కట్టిన. ఏడుగురు పడ్డరు. నిన్ను గూడ నేనే పండుకోబెట్టిన. ఇద్రీస్ కాదు, నేను."

గయాజ్ లేచి కూర్చున్నాడు. మొదట బతిమాలాడు. గడ్డం పట్టుకున్నాడు. అమ్మీ నాన్న చూడ్డానికి వస్తున్నరు అన్నాడు. తర్వాత ముఖం మారింది. "ఆమె నీ చెవుల ఏం ఊదింది? బెంచీ మీద జాగ ఇస్తనన్నదా?"

"ఏమియ్యలే. చెప్తున్న విను..."

"నువ్వు కట్టకుంటే నేనే కట్టుకుంట!" టేపు చుట్ట లాక్కుని బయటికి నడిచాడు. నడకలో ఏ తేడా లేదు. మంచి కాలు ముందు దించుతున్నాడు. ఆ నడక ఎవరు నేర్పారో నర్సింలుకు తెలుసు.

బస్సు దగ్గర కోచ్, సుహాసిని నిలబడి ఉన్నారు. స్టోర్ నుంచి అక్కడికి ఎనభై అడుగులుంటుందేమో. పోయి ఆమె ముందు నిలబడి, నాకు తెలియనిది నీకు తెలుసమ్మా అని ఒప్పుకోవడమంటే చచ్చినంత పని. ఒక్క క్షణం, ఒక్కటంటే ఒక్క క్షణం, ఊరుకుందామా అనిపించింది. గయాజ్ మైదానంలో పడితే అందరూ ఎవర్ని అడుగుతారు? ఫిజియోనే కదా! బెంచీ మీద కూర్చుని ఏం చూశావమ్మా అంటారు కదా! ఆ ఆలోచన ఎంత తియ్యగా ఉందంటే, అది చూసే అతనికి భయమేసింది. జెర్సీల మూట అక్కడే పడేసి గబగబా నడిచాడు.

"మేడం. గయాజ్ కుడి తొడ, ఎనక కండ. మంగళవారం కెళ్ళి నొస్తున్నది. నేనే కట్టి దాచిపెట్టిన. టేపు మీ బ్యాగుల నుంచి నేనే దీసిన." కోచ్ వైపు తిరిగి హిందీలో మళ్ళీ చెప్పాడు. "నిరుడు అందరికీ నేనే కట్టిన సార్. అందుకే పడ్డరు."

సుహాసిని గయాజ్‌ను బస్సు పక్కన గోడకు ఆనించి, కాలు ఎత్తించి చూసింది. మోకాలు సగం దాకా కూడా లేవలేదు, వాడు కెవ్వుమన్నాడు. ఆమె కోచ్‌కేసి తల అడ్డంగా ఊపింది. కోచ్ జాబితా మీద ఒక గీత కొట్టి, ఇద్రీస్ పేరు పైకి రాశాడు. తర్వాత నర్సింలు దగ్గరికి వచ్చి, అరవకుండా, చాలా నెమ్మదిగా అన్నాడు. "ఇక ప్లేయర్స్‌ను నువ్వు ముట్టుకోవద్దు. ఒక్కణ్ణి కూడా. స్టోర్, లాండ్రీ. ఖలాస్."

ఖలాస్. నాలుగేళ్ళ చాచాగిరీ ఆ ఒక్క మాటతో అయిపోయింది.

*

నర్సింలు మ్యాచ్‌ను కంచె బయట నిలబడి చూశాడు. బెంచీ సరిగ్గా ఎదురుగా ఉంది. సుహాసిని గయాజ్ తొడ కింద ఐస్ సంచి పెట్టింది. వాడు తోసేశాడు. ఆమె మళ్ళీ పెట్టింది. ఈసారి వాడు ఊరుకున్నాడు. నర్సింలుకు ఏడుపొచ్చింది. చేసింది మంచిపనే అని తెలుసు. తెలిసినా ఆ ఐస్ సంచి మీద తన చెయ్యి లేదని ఏడుపొచ్చింది. కుళ్ళు అంత తొందరగా పోతుందా?

డెబ్బయ్యో నిమిషంలో ఇద్రీస్ గోల్ కొట్టాడు. గయాజ్ ఆడే చోట నుంచే, గయాజ్ కొట్టినట్టే, ఎడమ మూలకు. బెంచీ మొత్తం లేచింది. కూర్చున్నది ఒక్క గయాజ్. ఒకటి సున్నాతో గెలిచారు. నిరుడు చిట్టచివర మిగిలిన టీము ఇప్పుడు రెండో స్థానంలో ఉందని మైకులో చెప్పారు. పిల్లలు ఇద్రీస్‌ను భుజాల మీద ఎత్తుకుని తిప్పారు. వాడు అందనంత ఎత్తు నుంచి చేతులు ఊపుతూ కెప్టెన్, కెప్టెన్ అని గయాజ్‌ను పిలిచాడు. గయాజ్ బూట్ల లేసులు విప్పుకుంటూ తల వంచుకున్నాడు.

బస్సు డిక్కీలో సంచులు సర్దుతున్న నర్సింలు పక్క నుంచే పిల్లలంతా ఎక్కారు. రోజూ అయితే ఒకడు వీపు మీద చరిచేవాడు, ఒకడు టోపీ లాగేవాడు. ఈ రోజు ఎవరూ పలకరించలేదు. సంగతి అందరికీ తెలిసిపోయింది. ఒక్క లెబనాన్ పొడుగువాడు మాత్రం ఆగి, తన గిలకను ఒకసారి చూసుకుని, అతని ముఖం ఒకసారి చూసి పోయాడు.

చివర్న గయాజ్ వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "ఖుషీయేనా?" అన్నాడు. "వాడు గోల్ కొట్టిండు. నేను కూసొని చూసిన. ఇంగ నీకు ఖుషీయేనా?"

గయాజ్ విసురుగా తిరిగి బస్సు వైపు పోయాడు. కోపం మీద ఉన్నాడు. బ్యాగు లోపలికి విసిరేసి, రెండు మెట్లు ఒకేసారి ఎగరడానికి కుడి కాలు నేలకు అదిమాడు.

"దూకకు!" నర్సింలు అరుపుకు డ్రైవర్ కూడా తల బయటపెట్టాడు. "దూకకు బిడ్డా, నీ కాల్మొక్కుత, మెల్లగెక్కు!"

గయాజ్ ఆగాడు. వెనక్కి మాత్రం తిరగలేదు. కడ్డీ పట్టుకుని, ఎడమ కాలు పై మెట్టు మీద పెట్టి, కుడి కాలు దాని పక్కకు చేర్చి, ముసలివాళ్ళు ఎక్కినట్టు ఒక్కో మెట్టూ ఎక్కి లోపలికి పోయాడు.

నిరుడు ఇదే మైదానం నుంచి గయాజ్‌ను నలుగురు ఎత్తి ఈ మెట్లెక్కించారు. కాళ్ళ వైపు పట్టుకున్నది నర్సింలే.